మన పిల్లల మార్కులకు కాటా ఎవరు వేస్తున్నారు?

పోయిన నెలలో ఒక సాయంత్రం, బడి వదిలిపెట్టే వేళకి, ఒక తల్లీ కూతురూ మా దగ్గరికొచ్చారు. మునగపాక వైపు పల్లె. తల్లి చెరుకు కోతలకీ, కలుపులకీ పోయే మనిషి. కూతురు డిగ్రీ పాసయింది. ఆ ఇంట్లోనే కాదు, ఆ పేటలోనే డిగ్రీ పాసైన మొదటి ఆడపిల్ల. చేతిలో ప్లాస్టిక్ కవరు, కవర్లో ఆరు మెమోలు.

జరిగింది ఇది. ఒక కంపెనీ వాళ్లు కాలేజీకొచ్చి పరీక్ష పెట్టారు. అమ్మాయి రాసింది, నెగ్గింది. ఇంటర్వ్యూ కూడా దాటింది. దరఖాస్తులో డిగ్రీలో వచ్చిన శాతం ఎంత అని ఒక గడి ఉంది. మెమోలో శాతం లేదు, సీజీపీఏ అని ఉంది, 6.65 అని ఉంది. పదికి 6.65 అయితే వందకి 66.5 కదా! మనమైనా అంతే చేస్తాం. అమ్మాయి 66.5 అని నింపింది. సర్టిఫికెట్లు చూసే రోజున అక్కడి ఆఫీసరు మెమో తిరగేసి వెనక సన్నక్షరాల్లో ఉన్న సూత్రం చదివాడు. సీజీపీఏలోంచి 0.75 తీసేసి, అప్పుడు పదితో హెచ్చించాలట. 59 వచ్చింది. కంపెనీకి కావలసింది 60. ఉద్యోగం పోయింది. పోయింది చాలక, తప్పుడు వివరాలిచ్చావని ఒక మాట కూడా అన్నారు.

"బాబూ, మా గుంట అన్నీ పాసయిపోనాది కదా. ఒక్క పేపరూ తప్పనేదు. మరి దొంగనెక్క రాసిందంటారేటి?" అని ఆ తల్లి అడిగింది.

ఆ రాత్రి మేం నలుగురం పంతుళ్లం ఆ ఆరు మెమోలూ నేల మీద పరుచుకుని కూర్చున్నాం. లెక్క ఎక్కడ తిరిగిందో ఆ తల్లికి చెప్పాలి. ఈ పక్షం సంపాదకీయం ఆ తల్లికి మేమిచ్చే జవాబు. అంకెలున్నాయని పేజీ తిప్పేయకండి. మన తాతల్ని నోట్ల మీద వేలిముద్ర వేయించి ముంచారు. మన పిల్లల్ని అంకెల్లో ముంచితే మనకి ఆ మునక కనపడను కూడా కనపడదు.

అనకాపల్లి బెల్లం మార్కెట్టు తెలియని వాళ్లు మన పాఠకుల్లో ఉండరు. రైతు దిమ్మలు తెస్తాడు. రంగు చూసి రకం కడతారు. పచ్చగా మెరిస్తే ఒక ధర, కాస్త నల్లబడితే ఒక ధర. తర్వాత కాటా. ఏడాదంతా నీళ్లు కట్టి, చెరుకు కొట్టి, రాత్రంతా పెనం దగ్గర నిలబడినవాడికి ఆ రకం కట్టేటప్పుడూ, కాటా వేసేటప్పుడూ నోరుండదు. యూనివర్శిటీలో కూడా సరిగ్గా ఆ రెండు పనులే జరుగుతాయి. మొదట మార్కుల్ని రకాలుగా కడతారు, దాన్ని గ్రేడు అంటారు. తర్వాత ఏ సబ్జెక్టుకి ఎంత బరువో వేస్తారు, దాన్ని క్రెడిట్ అంటారు.

ముందు రకం సంగతి. యూజీసీ ఇచ్చిన పది పాయింట్ల పద్ధతిలో ఓ గ్రేడుకి 10, ఏ ప్లస్‌కి 9, ఏకి 8, బీ ప్లస్‌కి 7, బీకి 6, సీకి 5, బొటాబొటీ పాసుకి 4, తప్పితే సున్నా. ఎన్ని మార్కులకి ఏ గ్రేడు అన్నది యూనివర్శిటీ పెట్టుకుంటుంది. మన వైపు ఇంజనీరింగ్‌లో చాలాచోట్ల 60 నుంచి 70 లోపు వస్తే 7, 50 నుంచి 60 లోపు వస్తే 6 అని నడుస్తుంది. ఈ అమ్మాయి యూనివర్శిటీలోనూ అంతే.

ఇప్పుడు ముగ్గురు పిల్లల్ని తీసుకోండి. ఒకడికి అన్ని పేపర్లలో 69 వచ్చాయి. ఇంకొకడికి అన్నిట్లో 60. మూడో పిల్లకి అన్నిట్లో 59. మొదటి ఇద్దరికీ సీజీపీఏ 7. మూడో పిల్లకి 6. అంటే 69కీ 60కీ తేడా లేదు, 60కీ 59కీ మాత్రం ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా! 0.75 తీసేసి శాతం కడితే మొదటి ఇద్దరికీ 62.5, మూడో పిల్లకి 52.5. పేపరుకి ఒక్క మార్కు తేడా పది శాతం తేడా అయి కూర్చుంది. 59 తెచ్చుకున్న పిల్ల చేతిలో 52.5 పెట్టే లెక్కని శాస్త్రీయ మూల్యాంకనం అంటారట!

ఆ 0.75 ఎందుకు తీస్తారో కూడా చెప్పుకోవాలి, లేకపోతే మేం అన్యాయంగా మాట్లాడినట్టవుతుంది. 60 వచ్చినవాడికి 7 ఇచ్చారు కాబట్టి, దాన్ని నేరుగా పదితో హెచ్చిస్తే వాడికి 70 శాతం అయిపోతుంది. అది వాపు. ఆ వాపు తీయడానికే ఈ కోత. ఏఐసీటీఈ తన పట్టికలో 6.25కి 55 శాతం, 6.75కి 60, 7.25కి 65 అని ఇచ్చింది. కోత తప్పని మేం అనం. అందరికీ ఒకే కోత లేకపోవడమే తప్పు. ఒక యూనివర్శిటీలో 0.75 తీస్తారు, ఒకదాంట్లో 0.5 తీస్తారు, ఒకదాంట్లో ఏమీ తీయకుండా పదితో హెచ్చిస్తారు. మొన్నటిదాకా సీబీఎస్ఈ పదో తరగతి పిల్లలు 9.5తో హెచ్చించుకునేవాళ్లు. 6.65 అన్న ఒకే అంకె ఒకచోట 59, ఒకచోట 61.5, ఒకచోట 66.5. కంపెనీ వాడి గడి మాత్రం ఒకటే, 60. ఈ అమ్మాయి కాల్వకి అవతలి ఒడ్డున ఇంకో యూనివర్శిటీలో చదివి ఉంటే ఈపాటికి ఉద్యోగంలో ఉండేది. తప్పుడు వివరాలిచ్చింది ఎవరు?

ఇక బరువు సంగతి. మొదటి మెమో చూడండి. ఆరు సబ్జెక్టులు. ఇంగ్లీషు 3 క్రెడిట్లు, గ్రేడు పాయింటు 5. తెలుగు 3 క్రెడిట్లు, 8. మూడు గ్రూపు సబ్జెక్టులు ఒక్కోటి 5 క్రెడిట్లు, వాటిలో 7, 6, 6. ఇంకో చిన్న పేపరు 2 క్రెడిట్లు, 9. ఆరు పాయింట్లూ కూడి ఆరుతో భాగిస్తే 6.83 వస్తుంది. మన పిల్లలు ఇలాగే వేసుకుంటారు, వేసుకుని ధైర్యంగా ఉంటారు. అసలు లెక్క వేరు. ప్రతి పాయింటునీ దాని క్రెడిట్‌తో హెచ్చించాలి. 15, 24, 35, 30, 30, 18. మొత్తం 152. క్రెడిట్లు మొత్తం 23. 152ని 23తో భాగిస్తే 6.61. చిన్న పేపర్లో వచ్చిన 9 చూసి మురిసిపోయాం గానీ దాని బరువు రెండే. 6.83 అయితే 60 దాటేది. 6.61కి 58.6.

బరువు వేయడమే తప్పంటామా? అనం. ఐదు గంటల పాఠానికీ రెండు గంటల పాఠానికీ ఒకే విలువ ఇవ్వడం కూడా న్యాయం కాదు. పేడ తట్టకీ ధాన్యం బస్తాకీ ఒకే కూలి ఇస్తామంటే మనమే ఒప్పుకోం. మేం అడిగేది ఇంతే. ఏ పేపరుకి ఎంత బరువో మొదటి రోజున, మొదటి క్లాసులో, తెలుగులో, పిల్లలకి చెప్పారా? ఆ అమ్మాయిని అడిగాం. మూడేళ్లలో ఎవరూ చెప్పలేదంది. మెమోలో "సి" అని ఉన్న గడి ఏమిటో తనకి ఆ రాత్రే తెలిసింది. పెద్దింటి పిల్లకి ఇది చెప్పే అన్న ఉంటాడు, బాబాయి ఉంటాడు, వాళ్ల నాన్న పక్కింటి లెక్చరరు ఉంటాడు. మన పిల్లకి చెప్పేది మెమో వెనక సన్నక్షరం.

సరే, ఆరు మెమోలూ కూడాం. 138 క్రెడిట్లు, 918 పాయింట్లు. అందుకే 6.65. 60 శాతానికి 6.75 కావాలి. అంటే దాదాపు 14 పాయింట్లు తక్కువ. ఏ పేపర్లో పోయాయని వెతికాం. ఆ మెమోల్లో గ్రేడు పక్కన మార్కులు కూడా ఉన్నాయి. ఐదు క్రెడిట్ల పేపర్లు మూడు కనపడ్డాయి. ఒకదాంట్లో 59. ఒకదాంట్లో 69. ఇంకోదాంట్లో మళ్లీ 59. మూడింట్లోనూ ఒక్కొక్క మార్కు చాలక కింది గ్రేడులో పడింది. ఒక్కో మార్కు వచ్చి ఉంటే మూడు అయిదులు పదిహేను పాయింట్లు కలిసేవి. 933ని 138తో భాగిస్తే 6.76. 60 దాటేది.

మూడు మార్కులు. మూడేళ్లలో, ముప్పై పైచిలుకు పేపర్లలో, మూడు మార్కులు.

ఆ మూడు పేపర్లలోనూ ఇంటర్నల్ ఎంత, ఎక్స్‌టర్నల్ ఎంత అని చూశాం. ఇంటర్నల్ 25కి, ఎక్స్‌టర్నల్ 75కి. మొదటి పేపర్లో ఎక్స్‌టర్నల్ 45, ఇంటర్నల్ 14. మూడో పేపర్లో 44, 15. రెండో పేపరు చూసేసరికి మాలో ఒకరు లేచి బయటికెళ్లిపోయారు. ఎక్స్‌టర్నల్‌లో 75కి 56. ఇంటర్నల్‌లో 25కి 13. అంటే పేరు తెలియని, ఊరు తెలియని, ముఖం తెలియని మాష్టారు కాగితం మాత్రమే చూసి వందకి 75 లెక్కన వేశాడు. రోజూ ముఖం చూసే మాష్టారు వందకి 52 లెక్కన వేశాడు. ఆ 13 ఎందుకొచ్చిందని నువ్వడగలేదా అని అమ్మాయిని అడిగాం. తల దించుకుంది. "అడిగితే తర్వాతి సెమిస్టర్లో ఏం చేస్తారోనని" అంది.

ఆ లెక్చరరు కులం చూసి వేశాడని మేం రాయడం లేదు. ఆ కాగితం మా చేతిలో లేదు, ఆ పిల్ల చేతిలోనూ లేదు. మిడ్ పరీక్ష కాగితం దిద్దాక పిల్లకి చూపించలేదు. చూపించకుండా వేసిన మార్కు న్యాయమైనదైనా, అన్యాయమైనదైనా చీకట్లో వేసిన కాటాయే. కానీ ఇలాంటి చోట ఏం జరుగుతుందో దేశానికి తెలియకా కాదు. ఢిల్లీ ఎయిమ్స్‌లో దళిత, ఆదివాసీ విద్యార్థుల పట్ల వివక్షపై సుఖదేవ్ థొరాట్ అధ్యక్షతన వేసిన కమిటీ 2007లో నివేదిక ఇచ్చింది. ప్రాక్టికల్స్‌లో, వైవాల్లో తమకి న్యాయం జరగడం లేదని ఆ పిల్లలు కమిటీ ముందు చెప్పుకున్నారు. ఢిల్లీలోనే జేఎన్‌యూలో ప్రవేశాలకి రాతపరీక్ష 70, వైవా 30 ఉండేది. రాతలో వచ్చిన మార్కులకీ వైవాలో వచ్చిన మార్కులకీ కులాల వారీగా తేడా ఉందని అబ్దుల్ నఫే కమిటీ లెక్కలు తీసి, వైవాని 30 నుంచి 15కి తగ్గించమని 2016లో సిఫారసు చేసింది. ఆ ఏడాదే జనవరి 17న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్శిటీలో రోహిత్ వేములని పోగొట్టుకున్నాం. ఆ ఏడాదే యూజీసీ తెచ్చిన నిబంధనల్లో ఎం.ఫిల్, పీహెచ్.డీ ప్రవేశాలకి రాతపరీక్ష గట్టెక్కడానికి మాత్రమే, ఎంపిక అంతా వైవాతోనే అన్నారు! కమిటీ బరువు తగ్గించమంటే బరువంతా తెచ్చి అక్కడే పెట్టారు. విద్యార్థులు కొట్లాడాక 2018లో దాన్ని మళ్లీ 70, 30కి దించారు. ముఖం చూసి వేసే మార్కు బరువు పెరిగిన చోటల్లా మన బరువు తగ్గుతుంది. నఫే కమిటీ అంకెలు చెప్పింది అదే.

అయితే ఇంటర్నల్స్ ఎత్తేయమని కొందరు మిత్రులు అంటున్నారు. మేం ఒప్పుకోం. మూడు గంటల ఒక్క పరీక్షలో ఏడాది చదువంతా తేలిపోవాలంటే, పరీక్ష ముందు రోజు వరకూ కూలికి పోయిన పిల్లే ముందు దెబ్బతింటుంది. ఇంటర్నల్ ఉండాలి. దిద్దిన కాగితం పిల్ల చేతికి రావాలి. మార్కులు నోటీసు బోర్డు మీద పడాలి. ఇంకో గొడవ కూడా ఉంది. ఫీజులు గుంజే కొన్ని ప్రైవేటు కాలేజీల్లో 25కి 24 అందరికీ పప్పూబెల్లాల్లా పంచుతారు. సర్కారీ కాలేజీలో నిక్కచ్చి లెక్చరరు 15 వేస్తాడు. రెండూ కలిసి ఒకే యూనివర్శిటీ పట్టికలోకి ఎక్కుతాయి. కాలేజీ వారీగా, కులాల వారీగా, ఎక్స్‌టర్నల్‌కీ ఇంటర్నల్‌కీ తేడా ఎంతుందో యూనివర్శిటీలు ఏటా లెక్క తీసి బయటపెట్టాలి. అంకెలన్నీ కంప్యూటర్లలో ఉన్నాయి. ఒక రోజు పని. చేయరు. చేస్తే ఏం బయటపడుతుందో వాళ్లకి తెలుసు కాబట్టి చేయరని మా అనుమానం.

ఇంతకన్నా పెద్ద అన్యాయం ఒకటుంది, అది ఎవరి కంటికీ అన్యాయంలా కనపడదు. మొదటి సెమిస్టరుకీ ఆఖరి సెమిస్టరుకీ ఒకే బరువు.

మన పిల్ల తెలుగు మీడియంలో పది చదివి, ఏదో ఒక హాస్టల్లో ఉండి ఇంటర్ చదివి, డిగ్రీలోకి వస్తుంది. 2021-22 నుంచి మన రాష్ట్రంలో డిగ్రీ అంతా ఇంగ్లీషు మీడియమే అన్నారు. ఇంగ్లీషు చదువు మనకి కావాలి, దాని మీద మాకు రెండో మాట లేదు. కానీ ఈత రాని వాణ్ణి శారదా నదిలో దించి, ఒడ్డు చేరడానికి పట్టిన మొదటి పది నిముషాలు కూడా పందెంలో లెక్కేస్తామంటే ఎలా? ఒక పిల్ల సెమిస్టర్ల వారీగా 5.2, 5.6, 6.4, 7.0, 7.4, 7.6 తెచ్చుకుందనుకోండి. క్రెడిట్లు సమానమైతే సగటు 6.53. శాతం 57.8. ఇంకో పిల్ల కాన్వెంటు నుంచి వచ్చి 6.9తో మొదలుపెట్టి 6.8, 6.8, 6.7, 6.7, చివరికి 6.6కి దిగింది. సగటు 6.75. శాతం 60. డిగ్రీ చేతికొచ్చే రోజున ఎవరికి ఎక్కువ వచ్చు? 7.6 పిల్లకా, 6.6 పిల్లకా? ఉద్యోగం ఎవరికి? ఎక్కినదాన్ని కింద కూర్చోబెట్టి దిగినదాన్ని పైన కూర్చోబెట్టే కుర్చీకి సగటు అని పేరు.

ఇలా కాక ఇంకోలా ఉండడం సాధ్యమేనా అని అడుగుతారు. ఎక్కడికో పోనక్కర్లేదు. మన రాష్ట్రంలోనే పాలిటెక్నిక్ డిప్లొమాలో మొత్తం మార్కులు కట్టేటప్పుడు మొదటి ఏడాది మార్కుల్లో 25 శాతం మాత్రమే తీసుకుంటారు, తర్వాతి సెమిస్టర్లవి నూటికి నూరూ తీసుకుంటారు. కాకినాడ జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ నిబంధనల్లో రెండు మిడ్‌లలో ఎక్కువ వచ్చినదానికి 80 శాతం, తక్కువ వచ్చినదానికి 20 శాతం బరువిచ్చారు. ఒక మిడ్ నాడు జ్వరమొస్తే పిల్ల మునిగిపోకుండా ఉండడానికి! ఇంగ్లండులో చాలా యూనివర్శిటీల్లో మొదటి ఏడాది పాసయితే చాలు, ఆ మార్కులు డిగ్రీ క్లాసులో కలపరు. ఎందుకంటే మొదటి ఏడాది నేర్చుకునే ఏడాది. తెల్లవాడి పిల్లకి నేర్చుకోవడానికి ఒక ఏడాది కావాలి గానీ మాలపేట పిల్లకీ మాదిగపేట పిల్లకీ అక్కర్లేదా?

మేం ఆంధ్రా యూనివర్శిటీ కింద డిగ్రీ చదివిన రోజుల్లో భాషలు పార్టు-1, గ్రూపు సబ్జెక్టులు పార్టు-2 అని క్లాసు విడివిడిగా వేసేవాళ్లు. మాలో ఒకరికి పార్టు-1లో థర్డ్ క్లాసు, పార్టు-2లో ఫస్ట్ క్లాసు. ఇంగ్లీషు తిన్నగా రాని ఆ మనిషి పార్టు-2 పుణ్యమా అని పీజీ గడప తొక్కగలిగాడు. ఇప్పుడంతా కలిపి ఒకే కుండలో వండుతున్నారు. పాత పద్ధతి స్వర్గమని కాదు. ఆ రోజుల్లో మార్కుల లిస్టు మీద పేరు పక్కన కులం గుర్తుపట్టే కళ్లు తక్కువేం లేవు. కానీ బరువు ఎక్కడ పెట్టాలో మనుషులే నిర్ణయిస్తారనీ, మనుషులే మారుస్తారనీ చెప్పడానికి ఇది చాలు. ఎంసెట్‌లో ఏళ్ల తరబడి ఇంటర్ మార్కులకి 25 శాతం వెయిటేజీ ఉండేది. 2023లో తెలంగాణలో తీసేశారు. ఒక్క జీవోతో పోయింది. ఆకాశమేం విరిగిపడలేదు. జేఎన్‌యూలో వెనకబడిన జిల్లాల నుంచి వచ్చిన వాళ్లకి ప్రవేశాల్లో అదనపు పాయింట్లు కలిపే పద్ధతి ఏళ్ల పాటు నడిచింది. ఆ పాయింట్లతో వచ్చినవాళ్లు ఆ యూనివర్శిటీకి చెడ్డపేరేం తేలేదు. 2017లో పరిశోధన కోర్సులకి దాన్ని ఎత్తేశారు.

మన పిల్లలకి బరువు కలిపితే మాత్రం మెరిట్ చచ్చిపోయిందని గోల. మెరిట్ అంటే ఏమిటయ్యా? ఇంటర్నల్‌కి 25, ఇంగ్లీషుకి 3 క్రెడిట్లు, మొదటి సెమిస్టరుకి ఆరో వంతు, 0.75 కోత. ఇవన్నీ కలిపి వచ్చే అంకె. ఇందులో ఒక్కటైనా దేవుడు రాసిందా?

1907లో బొంబాయిలో ఒక మహర్ కుర్రాడు మెట్రిక్ పాసయ్యాడు. 750కి 282. శాతం కడితే 37.6. ఆ కంపెనీ గడిలో ఆ అంకె వేసి ఉంటే కంప్యూటరే బయటికి తోసేసేది, మనిషి దాకా పోయేదే కాదు. ఆ కుర్రాడు కొలంబియా యూనివర్శిటీలోనూ, లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లోనూ డాక్టరేట్లు తీసుకున్నాడు. ఆయన ఫొటో మన ప్రతి ఇంట్లో ఉంది. ఆ 282 సంగతి మాత్రం మన పిల్లలకి మనం చెప్పం. తక్కువ మార్కులని దాచిపెడతాం. దాచకండి. గోడ మీద రాయండి.

ఇప్పుడు మన తప్పు కూడా చెప్పుకుందాం, ఎందుకంటే ఇది సర్కారు పత్రిక కాదు. ఎన్ని పేటల్లో మిడ్ పరీక్ష రోజున పిల్లని కోతకి తీసుకుపోలేదు? "అది సిన్న పరీచ్చే కదా, పెద్ద పరీచ్చకి ఎల్తాదిలే" అని ఎంతమంది అనలేదు? ఆ చిన్న పరీక్ష విలువ 25లో సగం. ఒక్క రోజు కూలి కోసం మన చేత్తో మనమే గ్రేడు తగ్గించాం. మన సంఘాల వాళ్లం కూడా అంతే. అడ్మిషన్ నాడు సీటు కోసం ధర్నా చేస్తాం, స్కాలర్‌షిప్ కోసం కలెక్టరేట్ ముందు కూర్చుంటాం. సీటొచ్చాక ఆ పిల్ల మూడేళ్లు ఏం లెక్కలో నలిగిందో ఒక్కనాడూ అడగలేదు. ఈ మాట రాస్తున్న మేం కూడా ఈ అమ్మాయి వచ్చేదాకా 0.75 సంగతి సరిగా చూసిన వాళ్లం కాదు.

కాబట్టి కార్యకర్తలు ఇప్పుడు చేయాల్సిన పని ఉంది. ప్రతి పేటలో డిగ్రీ, ఇంజనీరింగ్, పీజీ చదివే పిల్లల మెమోలు చూడండి. 59, 69, 49 ఉన్న పేపర్ల కింద గీత గీయండి. రీవాల్యుయేషన్ గడువు రిజల్టు వచ్చాక కొద్ది రోజులే ఉంటుంది, ఆ రోజుల్లోనే పట్టుకోవాలి. దిద్దిన జవాబు పత్రం చూసుకునే హక్కు విద్యార్థికి ఉందని 2011 ఆగస్టులో సుప్రీంకోర్టు సీబీఎస్ఈ కేసులో తీర్పిచ్చింది. సమాచార హక్కు చట్టం కింద తెల్లకాగితం మీద తెలుగులో అడగొచ్చు. పది రూపాయల ఫీజు, దారిద్ర్యరేఖ కింద ఉన్నవాళ్లకి అదీ లేదు. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. మిడ్ కాగితాలు కూడా అడగండి. ఒక్క పిల్ల అడిగితే గుర్తుపెట్టుకుంటారు. అందుకని క్లాసులో మన పిల్లలంతా ఒకే రోజున అడగాలి, ముప్పై మందిని గుర్తుపెట్టుకోవడం కష్టం. 2012లో యూజీసీ తెచ్చిన సమానత్వ నిబంధనల ప్రకారం కాలేజీలో వివక్ష ఫిర్యాదులు చూసే అధికారి ఒకరుండాలి. ఆ అధికారి ఎవరో, ఏ గదిలో కూర్చుంటారో కనుక్కుని రండి. చాలాచోట్ల ఆ గది ఉండదు. లేదన్న మాట రాయించుకుని రండి, అది కూడా మనకి పనికొస్తుంది.

దరఖాస్తుల్లో శాతం నింపే పిల్లలకి ఒక మాట. పదితో హెచ్చించి నింపకండి. మీ మెమో వెనకో, మీ యూనివర్శిటీ నిబంధనల్లోనో ఉన్న సూత్రం చూసి నింపండి. దొరక్కపోతే కంట్రోలర్ ఆఫ్ ఎగ్జామినేషన్స్ ఆఫీసు నుంచి శాతం రాసిన సర్టిఫికెట్ తెచ్చుకోండి. అసిస్టెంట్ ప్రొఫెసర్ ఉద్యోగానికి పీజీలో 55 శాతం కావాలి, ఎస్సీ, ఎస్టీలకి 50 చాలు. ఏఐసీటీఈ పట్టికతో కడితే 5.75 ఉన్న మన పిల్ల ఆ గీత మీద ఉంది. అది తెలియక దరఖాస్తే పెట్టనివాళ్లు మాకు ఇద్దరు తగిలారు. కంపెనీల 60కి మాత్రం ఏ సడలింపూ లేదు. ఆ 60 ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారని అడిగే రోజు కోసం ఎదురుచూడకుండా ఇప్పుడే అడగాలి.

ఆ అమ్మాయి సంగతి. 69 వచ్చిన పేపరు మిడ్ కాగితాల కోసం దరఖాస్తు తనే రాసింది, తన చేత్తో. మేం అక్షరం కూడా దిద్దలేదు. తల్లి సంతకం చేయాలా అని అడిగితే అక్కర్లేదన్నాం. "అయితే నాను కూడా ఎల్తాను, ఆపీసులో కూసుంటాను" అంది. ఇద్దరూ విశాఖ బస్సెక్కారు. జవాబు రాగానే వచ్చే సంచికలో వేస్తాం.

రెండో ఆదివారం పొద్దున్న పది గంటలకి మన పేట కమ్యూనిటీ హాలుకి మెమోలు తెచ్చుకోండి. జిరాక్సులు కాదు, అసలువి. వెనక పేజీ కూడా చూడాలి.